ఉపగ్రహ చిత్రానికి వెల కట్టిన రోజులు

భూమిని పైనుంచి చిత్రాలు తీసే అమెరికా ప్రభుత్వ ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్‌లు. వాటి చిత్రాలకు రుసుము పెట్టాలన్న వాదన చల్లారినట్లే చల్లారి మళ్లీ రాజుకుంటూ ఉంటుంది. 2018లోనూ అమెరికా అంతర్గత శాఖ ఆ ఆలోచన చేసింది. ల్యాండ్‌శాట్‌లలో తొలిదాన్ని 1972లోనే ప్రయోగించారు. అయితే ఈ తగువు అర్థం కావాలంటే చూడవలసింది 2008ని.

అంతకుముందు రుసుము రోజులు ఎలా ఉండేవి? 1984 చట్టంతో చిత్రాల అమ్మకం ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. ఒక్కో చిత్రం ధర 4,400 డాలర్ల దాకా పెరిగింది. 1999లో ల్యాండ్‌శాట్-7 వచ్చాక 600కు దిగింది. అదీ తక్కువేమీ కాదు. ఒక నదీ పరీవాహక ప్రాంతానికి జీఐఎస్ (కంప్యూటర్‌లో భౌగోళిక సమాచారాన్ని పొరలుగా అమర్చే వ్యవస్థ) పటం గీసేవారు మబ్బులు తక్కువగా ఉన్న రోజు చూసుకుని ఒకే ఒక్క చిత్రం కొనేవారు. కావలసిన వాగు మీదే మబ్బు నిలిచిందా, పటంలో అక్కడ ఖాళీయే. మరో చిత్రం కొనడానికి డబ్బుండేది కాదు.

2008లో అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ తన భాండాగారాన్ని ఉచితంగా తెరిచింది. మారింది ధర ఒక్కటే కాదు, పని చేసే పద్ధతే మారిపోయింది. ఉపగ్రహం 16 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. ఏడాది పొడవునా తీసిన చిత్రాలన్నీ ఒకదానిపై ఒకటి పేర్చి, నేలపై 30 మీటర్ల మేర చూపే ప్రతి గడికీ మబ్బు లేని రోజును ఏరుకోవడం మామూలు పనైంది. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ బృందం ప్రపంచ అడవుల మార్పును పటం కట్టింది ఈ దారిలోనే. అందుకు వాడిన చిత్రాలు 6,54,178. పాత 600 డాలర్ల ధర లెక్కన 39 కోట్ల డాలర్ల పైమాటే. అంత పెట్టి ఏ విశ్వవిద్యాలయం కొంటుంది?

ఉపగ్రహాల ఖర్చు పన్నులు కట్టేవారిపై పడుతోందని, లాభం పొందే కంపెనీలు కొంత భరించాలని రుసుము కోరేవారి మాట. న్యాయంగానే వినిపిస్తుంది. అయితే అమ్మకాలు బాగా సాగిన 2001లో అమ్ముడుపోయిన చిత్రాలు సుమారు 25 వేలు. ఒక్కొక్కటి 600 డాలర్లనుకున్నా వచ్చేది కోటిన్నర. చిత్రాలు ఉచితమయ్యాక, 2011 ఒక్క ఏడాదిలో వాటివల్ల వాడుకదారులకు కలిగిన మేలు 219 కోట్ల డాలర్లని ఆ సర్వే సంస్థే అంచనా కట్టింది.