ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తుంటాను. మిర్యాలగూడ రైస్ మిల్లు సేటు ఒకాయన తన కొత్త సైట్ చూసుకుంటూ, అడుగున ఉన్న కాషాయం రంగు గుర్తు మీద వేలు పెట్టాడు. "తమ్మీ, ఆర్‌ఎస్‌ఎస్ అని ఎందుకు పెట్టినవ్? మనకు అన్ని పార్టీలోళ్లు కావాలె. తీసెయ్."

ఇది రియల్లీ సింపుల్ సిండికేషన్ అని, సైట్‌లో కొత్తగా పెట్టినవి చదివేవాళ్ల యాప్‌లో కనపడే పద్ధతి అని, 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టిందని చెప్పాను. సరేనన్నాడు గానీ రంగు మార్చేదాకా ఊరుకోలేదు.

అపోహ: గూగుల్ రీడర్‌తోనే దీని పని అయిపోయింది

ఫీడ్లన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడ్డ మాట నిజమే. కానీ అది చదువుకునే చోటు మాత్రమే, ఫీడ్ ఎప్పుడూ సైట్ దగ్గరే ఉంటుంది. పాడ్‌కాస్టులు ఇవాళ్టికీ నడిచేది దీని మీదే. యూట్యూబ్ ఛానెళ్లకూ ఫీడ్ ఉంది. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటైతే అడ్రస్ చివర స్లాష్ పెట్టి, ఇంగ్లిషులో 'ఫీడ్' అని కొట్టి చూడండి, చాలావాటికి దొరుకుతుంది. ఫేస్‌బుక్ పేజీలకు, వాట్సాప్ ఛానెళ్లకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: ఫీడ్ పెట్టుకుంటే మన నంబరు వాళ్లకు పోతుంది

వాట్సాప్ గ్రూపులో చేరినట్టు కాదిది. ఫీడ్ అంటే సైట్‌లో ఉండే ఒక ఫైలు. కొత్త శీర్షికలు, లింకులు, తేదీలు అందులో వరుసగా రాసి ఉంటాయి. పంచాయతీ నోటీసు బోర్డు అనుకోండి. వాళ్లు అంటించి ఊరుకుంటారు, మన తరఫున పోయి చూసొచ్చే పిల్లగాడు రీడర్ యాప్. ఫోన్ నంబరు, మెయిల్ అడిగే పనే లేదు. సైట్ సర్వర్‌కు కనపడేది మన నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రస్, అది మామూలుగా సైట్ తెరిచినా కనపడేదే.

అయితే ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఆన్‌లైన్ రీడర్లు. మీరు ఏయే ఫీడ్లు పెట్టుకున్నారో ఆ కంపెనీకి తెలుస్తుంది. అది ఇష్టం లేకపోతే ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోన్‌లో నెట్‌న్యూస్‌వైర్ వాడండి. యాప్ మార్చాల్సొచ్చినా ఓపీఎంఎల్ ఫైలుగా జాబితా మొత్తం వెంట తీసుకుపోవచ్చు.

అపోహ: అన్నీ చదివెయ్యాలి

చదవనివి వెయ్యి అని చూపిస్తే టెన్షన్ పడేవాళ్లున్నారు. 'అన్నీ చదివినట్టే' అనే బటన్ అందుకే ఉంది. నేను వారానికోసారి నొక్కుతాను.

అపోహ: వార్తలు రాకపోతే తప్పు యాప్‌దే

దేవరకొండ వైపు ఒక చిన్న వార్తల సైట్‌కు ఫీడ్ తయారుచేసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, నేనే రాసిచ్చాను. ఒకరోజు పొద్దున్నుంచి ఎవరి యాప్‌లోనూ కొత్తవి లేవు. యాప్‌లు మార్చి మార్చి చూశాం. చివరికి ఫీడ్ ఫైలునే బ్రౌజర్‌లో తెరిస్తే, 'మర్రిగూడ & నాంపల్లి మండలాల్లో' అన్న శీర్షిక దగ్గర ఆగిపోయి ఉంది. ఫీడ్ ఫైలు రాసే ఎక్స్‌ఎంఎల్ భాషలో ఆ & గుర్తుకు వేరే పని ఉంది, దాన్ని కోడ్‌గా మార్చి రాయాలి. లేకపోతే పోయేది ఆ ఒక్క వార్త కాదు, మొత్తం ఫైలే చెల్లదు. నా స్క్రిప్టులో ఆ ఒక్క లైనే లేదు.

అదే సైట్‌ను తర్వాత భద్రత కోసం హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మార్చాం, అంటే ప్రతి లింకు మొదలూ మారింది. ఫీడ్‌లో ప్రతి వార్తకూ జీయూఐడీ అనే గుర్తింపు ఉంటుంది, రీడర్ పాతదా కొత్తదా తేల్చుకునేది దాన్ని బట్టే. నేనేమో దాన్ని లింకు నుంచే తయారుచేశాను. లింకులు మారగానే పాత వార్తలన్నీ కొత్తవైపోయాయి. మార్చి నెల ఎండలో రిపోర్టర్ గారి నుంచి ఫోన్: "అన్నా, సాగర్ గేట్లు ఎత్తిన్రని వచ్చింది, నిజమేనా?"

ఆ వార్త ఆగస్టులో రాసింది ఆయనే.