ఆపరేషన్ అయిన కుక్కకు పోటీలో చోటుందా?

ప్రియమైన పిల్లలూ,

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కను డాగ్ షోలో ఎందుకు రానివ్వరని అడిగారు. అలిగినట్టు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అక్కడ న్యాయనిర్ణేత కుక్క పళ్లు చూస్తారు, వీపూ కాళ్లూ తడుముతారు, నడిపించి నడక గమనిస్తారు. ప్రతి జాతికీ రాసిపెట్టిన ప్రమాణం ఒకటుంటుంది. ప్రతి కుక్కనూ దానితోనే పోలుస్తారు. రైతు విత్తనానికి మేలైన కంకులను ఏరుకుంటాడు చూడండి, అలాంటిదే ఈ పని. తర్వాతి తరానికి తల్లీతండ్రీ కాదగినవాటిని ఎంచడం కోసం ఈ పోటీలు మొదలయ్యాయి. అందుకే జాతి కుక్కలను నమోదు చేసి పోటీల నియమాలు పెట్టే, 1884లో ఏర్పడిన అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆపరేషన్ అయిన కుక్కలను మామూలు తరగతుల్లోకి అనుమతించదు. కొన్ని ప్రదర్శనల్లో ముసలి కుక్కల విభాగానికి మినహాయింపు ఉంది. బ్రిటన్‌లోనైతే కెన్నెల్ క్లబ్ అనుమతి పొంది తీసుకురావచ్చు.

ఈ నియమంలో అర్థం ఉంది. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఆడకుక్కకు గర్భాశయంలో చీము పడితే ప్రాణం కాపాడటానికి సాధారణంగా గర్భాశయాన్నే తీసేస్తారు. ఎదిగిన కుక్కకు ఆ ఆపరేషన్ జరిగితే ఎముకల పొందిక మారిపోదు. దాని తల్లిదండ్రులు ఎలాంటివో, అంతకుముందే అది కన్న పిల్లలు ఎలా ఎదగవచ్చో ఆ ఒంటిని చూసి ఇంకా అంచనా వేయవచ్చు. బతికి బయటపడిన పాపానికి దాన్ని బయట నిలబెట్టడం నాకు బాధగా ఉంటుంది. పోటీ కోసం ఎవరైనా అవసరమైన ఆపరేషన్‌ను వాయిదా వేస్తారేమోననే భయం అంతకన్నా పెద్దది.

అలాగని అన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టమనను. మరీ చిన్న వయసులో ఆపరేషన్ చేస్తే ఎముకల ఎదుగుదల ఆలస్యంగా ఆగి కాళ్లు కాస్త పొడుగవుతాయి. స్పానియెల్, సెట్టర్ వంటి జాతుల్లో బొచ్చు ఉన్నిలా మారవచ్చు. ప్రమాణంతో పోల్చేటప్పుడు ఇవి అడ్డొస్తాయి. కాబట్టి ఆపరేషన్ అయిన కుక్కలకు విడిగా ఒక తరగతి ఉండాలంటాను. అమెరికాలోనే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ అలాంటి తరగతి నడుపుతోంది. పిల్లుల ప్రదర్శనల్లోనూ ఆ ఏర్పాటు ఉంది.

మీ వయసువాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 9 ఏళ్లు నిండి 18 లోపున్న వాళ్లకు పెట్టే జూనియర్ షోమన్‌షిప్ పోటీలో చూసేది కుక్క ఆకృతిని కాదు, దాన్ని నడిపించే మీ నేర్పును. అక్కడ ఆపరేషన్ అయిన కుక్కకూ చోటుంది.

ప్రేమతో,
మీ తాతయ్య