పాచికను కాదు, దాని చుట్టూ ఉన్న కోడ్‌ని అనుమానించాలి

నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు, ఫోన్‌లో లూడో ఆడుతూ "వాడికే ఆరు పడుతోంది, ఇదంతా ఫిక్సింగ్ రా" అని విసుక్కునే కుర్రాడు ఒక్కడైనా తగులుతాడు. ఆన్‌లైన్‌లో బేస్‌బాల్ సిమ్యులేషన్ ఆడేవాళ్లదీ అదే గోడు. మంచి బ్యాటర్‌ని తీసుకుంటే మూడు మ్యాచ్‌లుగా ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) లేదు, పాచికలు నిజంగా ర్యాండమేనా? (తెలంగాణలో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలపై 2017లోనే చట్టం వచ్చింది కాబట్టి ఇక్కడి లెక్కంతా సరదా ఆటల గురించే.)

బేస్‌బాల్ సిమ్యులేషన్ మనకు బొత్తిగా కొత్తదేం కాదు, చివరి బెంచీలో ఆడిన బుక్ క్రికెట్‌కి పెద్దన్న లాంటిది. పుస్తకం తెరిస్తే కుడిపక్కదో ఎడమపక్కదో, సరిసంఖ్య పేజీలో చివరి అంకె మన పరుగులు, సున్నా వస్తే అవుట్. ఎనిమిదిని ఎనిమిదిగానే లెక్కేస్తే ఒక్కో వికెట్‌కి సగటు సరిగ్గా 20 పరుగులు. 1961లో అమెరికాలో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్‌లో పుస్తకం బదులు కార్డులు, పాచికలు ఉంటాయి. ప్రతి నిజమైన ఆటగాడికీ ఒక కార్డు. మొదటి పాచికలో 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి, 4, 5, 6 పడితే పిచ్చర్ (బంతి విసిరేవాడు) కార్డు. మిగతా రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా ఏ వరుస చదవాలో చెబుతుంది. అక్కడ హోమ్ రనో (మన సిక్సర్ లాంటిది), స్ట్రైకౌటో (బ్యాటర్ అవుట్) రాసి ఉంటుంది. ఇలాంటి ఆట ఆన్‌లైన్‌కి వస్తే పాచికలు వేసే పని కోడ్‌ది.

పోల్చడానికి నిజం పాచికలు ఎంత శుద్ధమో చూద్దాం. ఎక్కువగా చదివిన చోట పుస్తకం దానంతటదే తెరుచుకుంటుందని బుక్ క్రికెట్‌లో ఆరితేరిన ప్రతి పిల్లాడికీ తెలుసు. పాచికలకూ అలాంటి జబ్బే ఉంది. రఫాయెల్ వెల్డన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1894లో 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క రాసి పెట్టాడు. 5 లేదా 6 పడాల్సింది 33.33 శాతం, పడింది 33.77 శాతం. చుక్కల కోసం తొలిచిన గుంటల వల్ల 5, 6 ముఖాలు కాస్త తేలికై పైకి తిరుగుతాయన్నది దీనికి చెప్పే కారణం. అంత చిన్న తేడా బయటపడాలంటే మూడు లక్షలకు పైగా ముఖాలు లెక్కపెట్టాల్సి వచ్చింది.

కంప్యూటర్‌లోది ఇంకో తరహా. అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకునేవాళ్లు మొదట్లోనే వాడే ర్యాండమ్ మాడ్యూల్ వెనక మెర్సెన్ ట్విస్టర్ అనే సూత్రం ఉంటుంది. అది అదృష్టమేమీ కాదు, పక్కా గుణకార భాగహారాల లాంటి లెక్క. సీడ్ అనే మొదటి సంఖ్య ఒకటే ఇస్తే ఎన్నిసార్లు నడిపినా అవే పాచికలు అదే వరుసలో పడతాయి. ఆ వరుస మళ్లీ మొదటికి రావడానికి పట్టే అడుగుల సంఖ్య రాయాలంటే 6,002 అంకెలు కావాలి. కాబట్టి "నిజంగా ర్యాండమా?" అంటే కాదు, "ఆటకు సరిపోతుందా?" అంటే బేషుగ్గా సరిపోతుంది. డబ్బు, రహస్యం ఉన్నచోట మాత్రం పనికిరాదు. అది వరుసగా ఇచ్చిన 624 పూర్తి సంఖ్యలు చూసినవాడు ఆ తర్వాతవన్నీ ముందే చెప్పేయగలడు.

ఇంత మంచి సూత్రం చేతిలో పెట్టినా ఆట చెడేది అది ఇచ్చిన సంఖ్యను పాచికగా మార్చే ఒకటి రెండు లైన్లలో. సూత్రం 0కీ 1కీ మధ్య ఒక దశాంశం ఇస్తుంది. దాన్ని 6తో గుణించి, దశాంశ భాగాన్ని తెంపేసి, 1 కలిపితే సరైన పాచిక. తొందరలో ఉన్నవాడు 5తో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, 1 కలుపుతాడు. చూడ్డానికి 1 నుంచి 6 దాకా అన్నీ పడుతూనే ఉంటాయి. కానీ 0.1 కంటే తక్కువ వస్తేనే 1, 0.9 దాటితేనే 6. అంటే ఆ రెండూ 10 శాతం చొప్పున, మిగతా నాలుగూ 20 శాతం చొప్పున. పాపం లూడో కుర్రాడి అనుమానం ఇలాంటి చోట నిజమే.

బేస్‌బాల్‌లో ఇంతకంటే ఘోరమైన తప్పు ఇంకోటుంది. రెండు పాచికల మొత్తం కావాల్సిన చోట "2 నుంచి 12 లోపు ఏదో ఒకటి" అని రాసేయడం. రెండు పాచికలు వేస్తే 36 విధాలు, వాటిలో 7 ఆరు విధాల వస్తుంది, 2 ఒక్క విధంగానే. కార్డు తయారుచేసినవాడు ఆ లెక్కతోనే అరుదైన ఫలితాన్ని 2లోనో 12లోనో దాచి ఉంటాడు. తప్పు కోడ్‌లో 7 వాటా 16.7 శాతం నుంచి 9.1కి పడిపోతుంది, 2 వాటా 2.8 నుంచి అదే 9.1కి ఎగబాకుతుంది. పట్టుకోవడం తేలిక. వంద మొత్తాలు రాసుకుంటే 2, 12 కలిపి ఐదారుసార్లు రావాలి, పద్దెనిమిది దాకా వస్తే కోడ్ తప్పే.

దీనికి పూర్తి విరుద్ధం, అందరూ భయపెట్టే శేషం తప్పు. 0 నుంచి 255 దాకా వచ్చే బైట్‌ని 6తో భాగించి శేషం తీసుకుంటే 256 ఆరుతో తెగదు కాబట్టి నాలుగు ముఖాలకు 43 చొప్పున, రెండింటికి 42 చొప్పున దక్కుతాయి. తప్పే, 252 నుంచి పైవి వస్తే పారేసి మళ్లీ తీసుకుంటే సరిపోతుంది. కానీ అది బయటపడాలంటే 70 వేలకు పైగా పాచికలు వేయాలి. ఒక సీజన్ ఆడి "నాకు తెలిసిపోయింది" అనడం ఉత్తమాట.

సీడ్ సంగతి వేరు. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను సీడ్‌గా వాడింది. అంటే రోజుకు 8 కోట్ల 64 లక్షల పేకకట్టలే సాధ్యం. సర్వర్ గడియారాన్ని అంచనా వేసి, కనిపించే ముక్కలతో సరిపోల్చి పరిశోధకులు ఎదుటివాళ్ల చేతిలోని పేక చెప్పేశారు. సెకన్లను సీడ్‌గా వాడే ఆటలో ఒకే సెకనులో మొదలైన రెండు మ్యాచ్‌లకు ఒకే పాచికలు పడతాయి.

మరి ఆ మూడు మ్యాచ్‌ల సున్నా? మ్యాచ్‌కి నాలుగుసార్లు దిగాడనుకుంటే, పదిసార్లలో మూడు హిట్లు కొట్టే బ్యాటర్ వరుసగా 12 సార్లు విఫలమయ్యే అవకాశం 1.4 శాతం. అరుదే అనిపిస్తుంది గానీ, సీజన్‌లో 600 సార్లు దిగేవాడికి అలాంటి కరువు సగటున రెండుసార్లకు పైగా వస్తుంది. అతని 180 హిట్లు కూడా 158 నుంచి 202 మధ్య ఎక్కడ తేలినా అనుమానించాల్సింది లేదు. లూడోలో 20 పాచికలకు ఒక్క ఆరూ పడకపోవడం 2.6 శాతమే, కానీ పదివేల మంది ఆడితే 260 మందికి అది జరిగి తీరాలి. గొడవ చేసేదీ ఆ 260 మందే.

అనుమానం తీరకపోతే 600 పాచికలు వరుసగా రాయండి. కోపం తెప్పించిన పాతవాటిని కలపొద్దు, ముందే చెడుగా కనిపించినవాటిని కలిపితే పరీక్షకు అర్థం ఉండదు. ఉదాహరణకు 1 నుంచి 6 దాకా 92, 108, 97, 113, 88, 102 వచ్చాయనుకోండి. ఒక్కోదానికీ 100తో ఉన్న తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, 100తో భాగిస్తే 4.54. ఇదే కై-స్క్వేర్. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో దీన్ని ప్రవేశపెట్టినప్పుడు వెల్డన్ పాచికలనే పరీక్షించాడు. 11.07 దాటకపోతే పాచికను అనుమానించడానికి ఆధారం లేనట్టే. 5తో గుణించిన ఆ తప్పు కోడ్‌కి ఇదే లెక్కలో 48 దగ్గర వస్తుంది. 11.07కి కొంచెం అటూ ఇటూ ఉంటే మాత్రం ఇంకో 600 వేయాల్సిందే, ఎందుకంటే మంచి పాచిక కూడా ఇరవై పరీక్షల్లో ఒకసారి ఆ గీత దాటుతుంది.

రెండోసారీ దాటితే ఆ పట్టికను తేదీ, సమయాలతో ఆట తయారుచేసినవాళ్లకు పంపి, సంఖ్యను పాచికగా మార్చే లైను ఏదో, సీడ్ ఎక్కడి నుంచి తెస్తున్నారో అడగండి.