ఒక్క ఫోన్ కాల్ పరీక్ష: ప్రేమ, సస్పెన్స్ నవలల మీద అపోహలు - వాస్తవాలు

అచ్చుకు వెళ్ళకముందు నవలలు చదివి, ఎక్కడ బాగుంది, ఎక్కడ కుంటుతోంది అని రాసివ్వడం నా పని. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ప్రేమకథలు, సస్పెన్స్ కథలు. పని అయిపోయాక సరదాకి చదివేవీ అవే. ఏం చేస్తుంటారని అడిగినవాళ్ళు జవాబు విని "ఓ, అవా!" అంటారు. ఆ "అవా"లో ఏమేం ఉంటాయో ఇన్నేళ్ళలో నాకు కంఠస్థం అయిపోయింది. కొన్ని అపోహలు, కొన్నిట్లో వాళ్ళు అన్నదే నిజం. రెండూ చెబుతాను.

అపోహ: చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు. ఇంక చదవడానికేముంది?

తెలుసు. తెలియాలి కూడా. అమెరికాలో 1980లో మొదలైన రొమాన్స్ రచయితల సంఘం ఈ రకం నవలకు పెట్టిన షరతులు రెండే: కథకు కేంద్రం ప్రేమ అయి ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. అంటే ముగింపు అనేది పుస్తకం కొనేటప్పుడే రచయిత ఇచ్చిన మాట. చదివేవాళ్ళకు కావలసింది ఈ ఇద్దరు, ఇంత మొండితనం పెట్టుకుని, ఇన్ని భయాలు పెట్టుకుని ఎలా కలుస్తారు అన్నది. చెయ్యి తిరిగిన రచయితలు సగం పుస్తకం అయ్యేసరికి "వీళ్ళకు కుదరదు" అని నన్ను నమ్మించేస్తారు. ముగింపు నాకు తెలిసి కూడా నమ్ముతాను. అదీ పనితనం.

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. అతను ఆమెను ఎవరితోనో చూస్తాడు. ఆ ఎవరో ఆమె అన్నయ్య. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. చెయ్యడు. ఆమె చేస్తే ఎత్తడు. డెబ్బై పేజీలు అలాగే గడుస్తాయి. ఇలాంటివి వచ్చినప్పుడు మార్జిన్లో "ఫోన్ కాల్ పరీక్ష: ఫెయిల్" అని రాస్తాను. అసలైన అడ్డు అంటే ఎదురెదురుగా కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాక కూడా తీరనిది. ఎవరైనా జాలి పడితే భరించలేని మనిషికి, ఎదుటివాళ్ళను చూసుకోవడమే ప్రేమ అనుకునే మనిషి తారసపడిందనుకోండి. ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడుకున్నా అది తీరదు. ఎవరో ఒకరు మారాలి, మారాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. ఆ వదులుకునేది ఏమిటో రచయితకు స్పష్టంగా తెలిస్తే చాలు, కథ దానంతట అదే నడుస్తుంది.

అపోహ: అంతా ఫార్ములా. ఎవరైనా రాసెయ్యొచ్చు.

ఫార్ములా ఉన్నమాట నిజం. కందానికి గణాలు, యతి, ప్రాస అన్నీ ముందే కట్టుదిట్టంగా ఉన్నాయి. అలాగని కంద పద్యాలన్నీ ఒకటేనని ఎవరూ అనరు, ఎవరైనా రాసెయ్యొచ్చని అసలే అనరు.

ఈ చట్రమంతా ప్రచురణ సంస్థలు అమ్మకాల కోసం తయారుచేశాయనే మాట కూడా వింటుంటాను. మిల్స్ అండ్ బూన్ 1908లో లండన్‌లో మొదలైనప్పుడు రకరకాల పుస్తకాలు వేసేది. పూర్తిగా ప్రేమ నవలల వైపు తిరిగింది 1930లలో. 1949లో కెనడాలో పుట్టిన హార్లెక్విన్ కూడా మొదట్లో అన్ని రకాలూ వేసి, తర్వాత ఈ దారికి వచ్చి, 1971లో మిల్స్ అండ్ బూన్‌నే కొనేసింది. వీళ్ళు చట్రాన్ని బిగించారు, ఒప్పుకుంటాను. కానీ అంతకు చాలా ముందే, 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో అన్నీ ఉన్నాయి: మొదటి పరిచయంలోనే చిరాకు, కథ మధ్యలో పెళ్ళి ప్రస్తావన, మొహం మీదే తిరస్కారం. ఆ తర్వాత హీరో డార్సీ చేసిన పని చూడండి. మర్నాడే ఉత్తరం రాసి, విషయమంతా విడమరిచి చెప్పేస్తాడు. అపార్థం అక్కడికి చాలావరకు తీరిపోతుంది. అయినా కథ అయిపోదు. తాను మనుషుల్ని ఎంత తప్పుగా అంచనా వేసిందో హీరోయిన్ ఎలిజబెత్ ఒప్పుకోవాలి, తన అహంకారాన్ని అతను తగ్గించుకోవాలి. ఫోనే లేని కాలంలో ఫోన్ కాల్ పరీక్ష పాసైన నవల అది. ఇప్పటి వాళ్ళు ఫెయిలవుతుంటే నాకు కోపం రాదా మరి?

అపోహ: సస్పెన్స్ అంటే చివర్లో వచ్చే ట్విస్టు.

నాకు వచ్చే రాతప్రతుల్లో ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోతో రోజుల తరబడి మాట్లాడినప్పుడు చెప్పిన ఉదాహరణ ఒకటి ఉంది. ఇద్దరు బల్ల ముందు కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. మనం ఉలిక్కిపడతాం, ఓ పదిహేను సెకన్లు. ఈసారి బాంబు పెట్టడం మనకు ముందే చూపించారు, ఒంటిగంటకు పేలుతుందని చెప్పారు, గోడ గడియారంలో పావు తక్కువ ఒంటిగంట. అదే పిచ్చాపాటీ ఇప్పుడు పదిహేను నిమిషాల టెన్షన్. "లేవండ్రా బాబూ అక్కణ్ణుంచి" అని అరవాలనిపిస్తుంది. సస్పెన్స్ పుట్టేది పాఠకుడికి ఏదో ఒకటి తెలియజెయ్యడంలోంచి. కొత్త రచయితలు సరిగ్గా దీనికి ఎదురు వెళ్తారు. హంతకుడు ఎవరో దాస్తారు, ఎందుకు చంపాడో దాస్తారు, ఊరి పేరు దాస్తారు, ఆఖరికి కథ చెబుతున్న మనిషి ఎవరో కూడా దాస్తారు. ఏమీ తెలియనప్పుడు దేని గురించి భయపడమంటారు?

"ఆ రాత్రి" అనే జబ్బు కూడా ఇందులో భాగమే. హీరోయిన్ కాఫీ కలుపుతూ "ఆ రాత్రి జరిగింది గుర్తొచ్చి వణికిపోయింది." బట్టలు మడతపెడుతూ మళ్ళీ "ఆ రాత్రి." ఆమె బుర్రలోనే కూర్చుని కథ వింటున్నాం. ఆమెకు గుర్తొచ్చింది మనకెందుకు కనిపించదు? రచయిత అడ్డంగా నిలబడ్డారు కాబట్టి. ఆమె అబద్ధం చెప్పే మనిషైతే అది వేరే సంగతి. తనకు తాను కూడా చెప్పుకోలేని మనిషైతే ఇంకా మంచి కథ. ఊరికే పేజీలు తిప్పించడానికి దాచడం మాత్రం చిల్లర పని.

ట్విస్టు వద్దని నేను అనడం లేదు. రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు, ఆయనే డిటెక్టివ్ కథల రచయిత, 1929లో ఈ కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, డిటెక్టివ్‌కు దొరికిన క్లూ పాఠకుడికీ అందాలి అన్నవి వాటిలో ఉన్నాయి. ఇప్పుడు చూస్తే కొన్ని నియమాలు నవ్వు తెప్పిస్తాయి, ఈ రెండూ మాత్రం చెక్కుచెదరలేదు. అంతకు మూడేళ్ళ ముందు అగాథా క్రిస్టీ రాసిన ఒక నవల ముగింపు చదివి మోసం చేసిందని కొందరు గొడవ చేశారు. నేను దాన్ని రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. మొదటిసారి ఒక అర్థం, రెండోసారి ఇంకో అర్థం. ట్విస్టుకు నేను పెట్టే పరీక్ష ఇదే: రెండో చదువులో ఆ వాక్యాలు నిలబడాలి.

2012లో 'గాన్ గర్ల్' నవల వచ్చాక భార్యాభర్తల మధ్య నడిచే సస్పెన్స్ నవలలు వెల్లువెత్తాయి. మంచివి కూడా వచ్చాయి. కానీ అట్ట మీద "మీరు ఊహించలేని ట్విస్టు" అని అచ్చువేస్తే నేను మొదటి పేజీ నుంచే అందరినీ అనుమానిస్తాను. మరీ మంచి భర్త కనిపించాడా, అంతే సంగతులు.

అపోహ: ముగింపు ఎవరైనా చెప్పేస్తే నవల చచ్చినట్టే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 12 చిన్న కథలతో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. ముగింపు ముందే తెలిసినవాళ్ళే కథల్ని కాస్త ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. తర్వాత 2015లో వేరే ఇద్దరు చేస్తే ఫలితం తిరగబడింది. కాబట్టి ఎవరికి కావలసిన పరిశోధన వాళ్ళకు దొరుకుతుంది. నా మటుకు నాకు, ట్విస్టు తప్ప ఇంకేమీ లేని నవలే స్పాయిలర్‌కు చచ్చిపోతుంది. అయినా సమీక్షలో ముగింపు చెప్పను. అది మర్యాద.

అపోహ: పొట్టి చాప్టర్లు, ప్రతి చాప్టర్ చివర ఒక ఉలికిపాటు ఉంటే చాలు, ఆపకుండా చదివిస్తుంది.

తలుపు దబదబా కొట్టిన చప్పుడు. చాప్టర్ అయిపోయింది. పేజీ తిప్పితే పక్కింటాయన, కరెంటు ఉందా అని అడగడానికి వచ్చాడు. ఒకసారి చేస్తే నవ్వుకుంటాను. మూడోసారి చేస్తే నిజంగా హంతకుడు వచ్చినా పక్కింటాయనే అనుకుంటాను.

అపోహ: హీరో ఎంత మొరటైతే ప్రేమ అంత గాఢం.

ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ప్రేమ నవలలోంచి ఒక సీన్ తీసుకోండి: ఆమెకు చెప్పకుండా అతను ఆమె ఇంటి ఎదుట కారులో కూర్చున్నాడు, ఎవరెవరు వచ్చి వెళ్తున్నారో చూస్తున్నాడు, ఆమె ఫోన్‌లో మెసేజీలు చదివాడు. ఒక్క అక్షరం మార్చకుండా దీన్ని సస్పెన్స్ నవలలో పెట్టండి. వాడే విలన్. ఈ రెండు రకాలూ చదివేవాళ్ళకు ఉండే లాభం ఇదే, ఒకదాని వెలుగులో రెండోదాని లొసుగు కనిపిస్తుంది.

ఇంగ్లీషు రచయిత్రి డాఫ్నీ డు మారియే 1938లో వచ్చిన 'రెబెకా' నవల రాసినప్పుడు ఆమె దృష్టిలో అది అసూయ గురించిన కథ. దాన్ని ప్రేమకథగా అమ్మారు, అలాగే చదివినవాళ్ళూ బోలెడుమంది. నేనూ చిన్నప్పుడు అలాగే చదివి, ఆ భర్త మౌనం చూసి ముచ్చటపడ్డాను. ఇప్పుడు చదివితే అదే మౌనానికి ఒళ్ళు జలదరిస్తుంది.

అలాగని హీరోలంతా బుద్ధిమంతులై ఉండాలని నేను అనను. బుద్ధిమంతులతో మూడొందల పేజీలు నడపడం మహా కష్టం. చెడ్డ పని చేసినప్పుడు అది చెడ్డదని కథకు తెలిసుండాలి. అతను దానికి మూల్యం చెల్లించాలి. చివర్లో పూలగుత్తి ఇస్తే చెల్లు అనడం కుదరదు.

అపోహ: రొమాంటిక్ సస్పెన్స్ అంటే సగం ప్రేమ, సగం హత్య.

రెండిట్లో ఏ ఒక్కటి తీసేసినా కథ కూలిపోవాలి. హత్య తీసేసినా ఆ ఇద్దరూ అలాగే ప్రేమించుకుంటారంటే, అక్కడ రెండు కథల్ని దారంతో కట్టారన్నమాట. ఒకర్నొకరు నమ్మాలా వద్దా అన్నదే ప్రేమకు అడ్డు, ప్రాణానికి ప్రమాదం కూడా అయినప్పుడు ఇది పండుతుంది. అప్పుడు ఫోన్ ఎత్తకపోవడానికి కూడా కారణం ఉంటుంది! హంతకుడు బయట తిరుగుతుంటే లోపల తీరిగ్గా నాలుగు పేజీలు ముద్దులు పెట్టుకునే జంట మీద మాత్రం నాకు సానుభూతి లేదు.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చెయ్యకుండా అభిప్రాయం చెప్పకూడదు.

అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలు చెప్పిన లెక్క నాకు చాలా ఇష్టం. యాభై పేజీలు చదవండి, నచ్చకపోతే వదిలెయ్యండి. మీ వయసు యాభై దాటితే వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. సరదాకి చదివే పుస్తకాలకు నేను ఇదే పాటిస్తాను, ఎందుకు వదిలేశానో కూడా దాచుకోకుండా చెబుతాను. రాతప్రతులకు ఆ వెసులుబాటు లేదు, చివరిదాకా చదవాల్సిందే. ప్రస్తుతం బల్ల మీద ఉన్నదాంట్లో 212వ పేజీకి వచ్చాను. ఆమె ఇప్పటికి పదకొండు సార్లు ఫోన్ చేసింది. అతను ఇంకా ఎత్తలేదు.