అడుగులు లెక్కకొచ్చాయి, కష్టం రాలేదు

పోయిన సార్వా ఊడ్పులప్పుడు మా పిన్ని నడుముకు చిన్న స్టెప్ కౌంటర్ ఒకటి తగిలించాను. పొద్దున్నే చేలో దిగి మధ్యాహ్నం గట్టెక్కేసరికి అది 2,000 కూడా దాటలేదు. ఆ రోజే నేను ఏటిగట్టు మీద గంటసేపు హాయిగా నడిచొస్తే నా ఫోన్‌లో 6,000 పడ్డాయి. రెండూ చూసి పిన్ని, "అయితే నేను కష్టపడనట్టేనా?" అంది. ఆ మాటకు సరైన జవాబు చెప్పాలనే ఈ వ్యాసం.

ఫోన్‌లోనూ చేతి బ్యాండ్‌లోనూ అడుగులు పట్టుకునే భాగం పేరు యాక్సిలరోమీటర్. అందులో సిలికాన్‌తో చెక్కిన కంటికి ఆనని బరువు ఒకటి, స్ప్రింగుల్లాంటి సన్నని పోగుల మీద వేలాడుతూ ఉంటుంది. మనం కదిలినప్పుడు అది కాస్త వెనకబడుతుంది. పక్కనున్న పలకలకూ దానికీ మధ్య దూరం మారుతుంది, దాంతో అక్కడి విద్యుత్ కొలత మారుతుంది. కుదుపు ఎటు నుంచి ఎంత వచ్చిందో ఫోన్‌కు అలా తెలుస్తుంది. మామూలు నడకలో మడమ నేలను తాకిన ప్రతిసారీ ఒక కుదుపు, సెకనుకు సుమారు రెండు. లోపలి ప్రోగ్రామ్ వెతికేది ఈ లయనే. విడి కుదుపులను అది నమ్మదు. నమ్మితే ఆటో గోతిలో పడిన ప్రతిసారీ అడుగు వేసినట్టే అవుతుంది కదా! అందుకే చాలా పరికరాలు వరసగా కొన్ని అడుగులు పడ్డాకే లెక్క మొదలుపెడతాయి.

ఇప్పుడు ఊడ్పు చూడండి. నడుం వంచి నాలుగు కుదుళ్లు నాటడం, ఒక అడుగు వెనక్కి వేయడం, మళ్లీ నాటడం. లయ లేదు. మడమ తాకిడిని బురద మింగేస్తుంది. యంత్రం దృష్టిలో అది నడకే కాదు. వంటింట్లో పొయ్యికీ గిన్నెల అలమరకూ మధ్య తిరిగే నడకదీ ఇదే పరిస్థితి. పైగా చీరకు జేబు ఉండదు. అమ్మ ఇల్లంతా తిరుగుతుంటే ఆమె ఫోన్ గోడ దగ్గర ఛార్జింగ్‌లో ఉంటుంది. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు తర్వాత చెట్టు ఎక్కి దిగుతాడు, ఆ ఎత్తంతా అడుగుల లెక్కలోకి రాదు. ఎదురుగాలిలో సైకిలు తొక్కి బడికెళ్లే పిల్లదీ అంతే.

ఇక కేలరీలు. ఇక్కడే జనం ఎక్కువగా మోసపోతున్నారని నా బాధ. యంత్రం కేలరీలను కొలవడం లేదు, మన బరువునూ అడుగులనూ, కొన్నిటిలో గుండె వేగాన్నీ బట్టి అంచనా వేస్తోంది. దాని వెనక లెక్క సులువైనదే. ఊరికే కూర్చున్నా కిలో బరువుకు గంటకు సుమారు 1 కిలో కేలరీ (మనం మామూలుగా కేలరీ అనేది దీన్నే) ఖర్చవుతుంది. దీన్ని 1 మెట్ అంటారు. చదునైన గట్టి నేల మీద గంటకు 5 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో నడిస్తే అది 3.5 మెట్‌ల దాకా పెరుగుతుంది. 60 కిలోల మనిషి గంట నడిస్తే 210. అందులో 60 కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా ఖర్చయింది 150. గంటకు 6,000 అడుగులనుకుంటే 1,000 అడుగులకు సుమారు 25. వేడన్నంలో వేసుకునే 10 గ్రాముల నెయ్యిలో 90 ఉంటాయి. అది కరగాలంటే 3,600 అడుగులు నడవాలి. కిలో కొవ్వులో సుమారు 7,700 ఉంటాయి కాబట్టి, తిండి ఏమీ పెరగకుండా రోజూ గంట నడిచినా కిలో తగ్గడానికి 50 రోజులు పడుతుంది. వాకింగ్ నుంచి తిరిగొస్తూ టిఫిన్ సెంటర్ దగ్గర ఆగితే ఆ 50 రోజులూ ఇంకా సాగుతాయి.

ఇదంతా గట్టి నేలకే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా అంతటా పారిన కాలువల గట్లు నడకకు బల్లపరుపుగా ఉంటాయి, అక్కడ లెక్క బాగానే సరిపోతుంది. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట మెత్తటి ఇసుకలోకి దిగితే సరిపోదు. ఇసుకలో నడకకు గట్టి నేల మీదకంటే రెండింతలకు పైగా శక్తి పడుతుందని 1998లో కొలిచి చూపించారు. కాలు కిందికి దిగడం, పాదం కింద ఇసుక జారడం, రెండింటికీ మన కండరాలే శక్తి పెట్టాలి. అడుగులను బట్టి లెక్కేసే బ్యాండ్ మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 7 రకాల బ్యాండ్లను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైన బ్యాండే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం.

రోజుకు 10,000 అన్న లక్ష్యం కూడా ప్రయోగశాలలో పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటేడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరే 'మాన్‌పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. 2019లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన 16,741 మంది పెద్ద వయసు మహిళలను గమనించింది, వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు తేడా పెద్దగా లేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్నదీ గుర్తుపెట్టుకోవాలి. అయినా మోకాళ్ల నొప్పులతో 10,000 కోసం టెన్షన్ పడే మా వీధి పెద్దవాళ్లకు ఈ సంగతి తెలియాలని నాకు గట్టిగా ఉంది.

రెండు పూటలా అన్నం తినే మనకు నడకతో మరో మేలుంది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ మీద పూర్తిగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి లాక్కుంటుంది. భోజనం చేసి ఒక పది నిమిషాలు వీధిలో నడిస్తే షుగర్ ఎక్కువ ఎగబాకదు. స్క్రీన్ మీద అది 1,000 అడుగులే, 25 కేలరీలే.

దూరం సరిగ్గా తెలియాలంటే మీ అడుగు పొడవును మీరే కొలుచుకోండి. చాలా యాప్‌లు ఎత్తును బట్టి ఊహిస్తాయి. రోడ్డు పక్క ఒక కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయి దాకా మామూలుగా నడుస్తూ లెక్కపెట్టండి. నాకు 1,300 వచ్చాయి. పిన్ని నాకంటే పొట్టి, ఆమెకు 1,700.

కోతలయ్యాక పిన్ని ఆ కౌంటర్‌ను అడిగి తీసుకుంది. సాయంత్రం పుంత మీదుగా గుడికి వెళ్లొస్తే 3,400 చూపించింది. "అంటే రెండు కిలోమీటర్లు" అన్నాను. "ఊడ్పులప్పుడు ఇది కట్టుకోను, ఇలా నడిచేటప్పుడే కట్టుకుంటా" అని కొంగున ముడేసుకుంది.