రాయి పడిపోయిందని పారేస్తే పోయేది మీరే

గుంటూరు ఎండలకు మూత్రపిండాల్లో రాళ్లు కొత్త కాదు, వాటి చుట్టూ తిరిగే పుకార్లూ కొత్త కాదు. అన్నింటిలో ఖరీదైనది ఒకటుంది.

అపోహ: రాళ్లన్నీ కాల్షియమే. పడిపోతే పరీక్ష దండగ.

వాస్తవం: ఎక్కువ శాతం కాల్షియంవే, కాదనను. కానీ చిన్న వయసులో, మళ్లీ మళ్లీ రాళ్లు వస్తుంటే సిస్టిన్‌ను అనుమానించాలి. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లలో ఉండే చిన్న ముక్క) అణువులు రెండు గంధకం ముడితో కలిస్తే సిస్టిన్. మన జుట్టులో, గోళ్లలో దండిగా ఉండేదే. 1810లో ఇంగ్లండు శాస్త్రవేత్త వొల్లాస్టన్ దీన్ని మొదట చూసింది మూత్రాశయపు రాయిలోనే. అందుకే గ్రీకులో మూత్రాశయానికున్న 'కిస్టిస్' అనే మాట మీదుగా ఆ పేరు వచ్చింది. కొమ్ములోని ప్రోటీన్ నుంచి స్వీడన్ శాస్త్రవేత్త మోర్నర్ దీన్ని వేరుచేసింది 1899లో.

మిర్చి యార్డులో బస్తాలు మోసే కుర్రాడొకడు మూడు ఆపరేషన్ల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఒక్కసారీ ఎవరూ రాయిని పరీక్షకు పంపలేదట! వాళ్లమ్మ అగ్గిపెట్టెలో దాచిన ముక్క తీసింది: తేనెరంగులో, మైనంలా నున్నగా ఉంది. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఆరు పలకల స్ఫటికాలు. ఇక సందేహం లేదు. "మేనరికం చేసుకున్నందుకేనా బాబూ?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే, మూత్రంలోకి సిస్టిన్ ఎక్కువగా పోయే ఈ జబ్బు వస్తుంది. మేనరికంలో ఆ అవకాశం పెరిగే మాట నిజమే. అందులో ఆవిడ తప్పేముంది? తమ్ముడికీ పరీక్ష చేయించమన్నాను. తోబుట్టువులకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

లీటరు మూత్రంలో సిస్టిన్ సుమారు 250 మిల్లీగ్రాములకు మించి కరగదు. కాబట్టి రోజుకు మూడు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి, రాత్రి లేచి కూడా. దాంతోపాటు మూత్రంలో ఆమ్లత్వం తగ్గించే పొటాషియం సిట్రేట్, డాక్టరు చెప్పిన మోతాదులో. తిండిలో ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి సిస్టిన్ ఎక్కువ పోతుంది. ఆవకాయ ప్రియులకు ఈ మాట చెప్పేటప్పుడు నాకే జాలి వేస్తుంది.

అపోహ: పప్పు, గుడ్డు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: వద్దు. మాంసం మితంగా తినండి, చాలు. ఎదిగే పిల్లల పొట్ట మాడ్చకండి.

టమాటా గింజలు రాళ్లవుతాయా? కావు. బీరు రాళ్లకు ఔషధమా? కాదు. పాలు మానాలా? మానితే కాల్షియం రాళ్లలో ఒక రకమైన ఆక్సలేట్ రాళ్లు పెరగవచ్చు. కొండపిండి ఆకు కషాయం తాగుతారా? దాంతో వెళ్లే నీళ్లు మంచివే. సిస్టిన్ రాయి దానికి కరుగుతుందని మాత్రం నెలల తరబడి కూర్చోకండి, ఈలోగా కిడ్నీ వాచిపోతుంది.