అమెరికాలో పోలీసుల సోదా: తెలుగువారి అపోహలు – వాస్తవాలు

అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణ 1791 నుంచి అమల్లో ఉంది. సహేతుకమైన కారణం లేకుండా ప్రభుత్వం మనిషిని, ఇంటిని, కాగితాలను, సామాన్లను సోదా చేయకూడదు, పట్టుకుపోకూడదు. ఈ కేసులు వాదించేవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది ఒకటే. క్లయింటు అప్పటికే ‘సరే, చూసుకోండి’ అనేసి ఉంటారు.

అపోహ: హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వాళ్లకు ఈ రక్షణ లేదు.
వాస్తవం: ఉంది. ఇక్కడ చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఉంటున్నవారికి పౌరసత్వం లేకపోయినా వర్తిస్తుంది.

అపోహ: పోలీసు అడిగితే డిక్కీ తెరవాల్సిందే. వద్దంటే అనుమానిస్తారు.
వాస్తవం: అనుమతి అడుగుతున్నారంటే, చాలాసార్లు వెతకడానికి చాలినంత ఆధారం చేతిలో లేదనే అర్థం. కాదనే హక్కు మీకుందని పోలీసు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. మొహమాటానికి అన్న ‘సరే’ కూడా సమ్మతి కిందికే వస్తుంది. నిరాకరణ ఒక్కటే సోదాకు కారణం కాలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, ‘ఐ డు నాట్ కన్సెంట్ టు ఎనీ సెర్చెస్’ (ఏ సోదాకూ నేను ఒప్పుకోను) అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు మాత్రం ఇవ్వాలి. దిగమంటే దిగాలి. గట్టి ఆధారముంటే కారుకు వారెంటు అక్కర్లేదు (ఈ మినహాయింపు 1925 నాటిది). ట్రాఫిక్ టికెట్ (జరిమానా చీటీ) పని ముగిశాక, వేరే అనుమానం లేకుండా, మాదకద్రవ్యాలు పసిగట్టే పోలీసు కుక్క కోసం ఆపి ఉంచడం కుదరదు. 2015 నాటి రోడ్రిగెజ్ కేసులో అదనంగా ఆపింది ఏడెనిమిది నిమిషాలే, అయినా కోర్టు ఒప్పుకోలేదు. వద్దన్నా వెతికితే అడ్డుపడొద్దు. మీరు కాదన్న మాట బాడీ కెమెరాలో ఉంటే లాయరుకు అదే ఆయుధం.

అపోహ: రూమ్‌మేట్ ఒప్పుకుంటే ఇల్లంతా వెతకొచ్చు.
వాస్తవం: హాలు, వంటగది వరకు ఆయన సమ్మతి చాలు. మీరొక్కరే వాడుకునే గదిపై మామూలుగా ఆయనకు అధికారం ఉండదు. గుమ్మం దగ్గరే నిలబడి మీరు కాదంటే, మీ మీద ఆ సోదా చెల్లదు (జార్జియా వర్సెస్ రాండాల్ఫ్, 2006). ఆ సమయంలో బయట ఉంటే ఆ రక్షణ పోతుంది. వారెంటు ఉందంటే తలుపు తీయకముందే చూపమనండి: జడ్జి సంతకం, మీ చిరునామా, ఏం వెతుకుతున్నారో ఉండాలి. ఇమిగ్రేషన్ వాళ్ల ఐ-200 అనే అరెస్టు వారెంటు మీద ఉండేది జడ్జి సంతకం కాదు, అధికారిది.

అపోహ: ఫోన్‌కు ఎక్కడైనా వారెంటు కావాలి.
వాస్తవం: దేశం లోపల పోలీసులు అరెస్టు చేసినా కావాలి (రైలీ వర్సెస్ కాలిఫోర్నియా, 2014). కానీ విమానాశ్రయంలో దిగినప్పుడు ఆ లెక్క వేరు. సరిహద్దు అధికారులు వారెంటు లేకుండానే ఫోన్ చూడొచ్చు. పాస్‌వర్డ్ ఇవ్వనంటే పౌరులను వెనక్కి పంపలేరు గానీ ఫోన్ ఉంచేసుకోవచ్చు. వీసా మీద వచ్చినవారిని వెనక్కి పంపే ప్రమాదముంది. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, క్లౌడ్‌లోది కాదు అనేది వాళ్ల నిబంధనే. కాబట్టి ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

అపోహ: సోదా తప్పయితే కేసు కొట్టేస్తారు.
వాస్తవం: అలా దొరికిన సాక్ష్యం పక్కన పెడతారు, అంతే (మ్యాప్ వర్సెస్ ఒహాయో, 1961). మిగతా సాక్ష్యంతో కేసు నడవొచ్చు. సాక్ష్యాన్ని తీసేయమనే మోషన్ విచారణ మొదలవకముందే వేయాలి. అందుకే ఆపిన సమయం, బ్యాడ్జి నంబరు, అడిగిన మాటలు, మీ జవాబు అదే రోజు రాసిపెట్టి, మొదటి భేటీలోనే లాయరుకు ఇవ్వండి.